గేటు సరే.. దాని లెక్క ఎక్కడుంది? ధవళేశ్వరం గేట్ల నుంచి భీమవరం ఏరియేటర్ల దాకా ఎవరూ పట్టించుకోని సమస్య

వెబ్ డెస్క్: గోదావరికి వరద వచ్చిందంటే మన ఫోన్లలో ముందుగా కనిపించే వీడియో ఒక్కటే. ధవళేశ్వరం బ్యారేజీ గేట్లు ఎత్తేశారు, నీళ్లు ఎర్రగా ఉరుకుతున్నాయి, కింద స్క్రోలింగ్‌లో క్యూసెక్కుల లెక్క. నీళ్ల లెక్క గంట గంటకీ చెబుతాం. మరి ఆ గేట్ల లెక్క? ఏ గేటుకి ఏ మోటారు ఉంది, చివరిసారి ఏ పార్టు మార్చారు, మార్చినప్పుడు పాత సైజే వేశారా వేరేది వేశారా, దాని డ్రాయింగ్ ఏ బీరువాలో ఉంది? ఇది వీడియోకి పనికొచ్చే టాపిక్ కాదు. కానీ గేటు కొట్టుకుపోయిన రోజు మొదట అడిగే ప్రశ్న ఇదే.

ఇంజినీరింగ్ కంపెనీలు దీన్ని ప్రొడక్ట్ డేటా మేనేజ్‌మెంట్ అంటాయి. తెలుగులో చెప్పాలంటే, తయారుచేసిన వస్తువు పుట్టు పూర్వోత్తరాలన్నీ ఒక చోట, నమ్మదగిన రీతిలో రాసి పెట్టుకోవడం. పేరు వినడానికి ఆఫీసు వ్యవహారంలా ఉంటుంది. డెల్టాలో మాత్రం ఇది పంటకి, ప్రాణానికి సంబంధించిన వ్యవహారం. ఎలాగో చూద్దాం.

తుంగభద్రలో ఏం జరిగింది?

2024 ఆగస్టు 10 రాత్రి. తుంగభద్ర డ్యామ్ నిండుగా ఉంది. మొత్తం 33 గేట్లలో 19వ గేటు గొలుసు తెగింది. గేటు కొట్టుకుపోయింది. ఆ ఒక్క ఖాళీ నుంచే సుమారు 35 వేల క్యూసెక్కులు బయటికి పోవడం మొదలైంది. డ్యామ్ మీద ఒత్తిడి తగ్గించడానికి మిగతా గేట్లు కూడా తెరవాల్సి వచ్చింది. రాయలసీమ, కర్ణాటక, తెలంగాణ రైతులు ఖరీఫ్‌కి దాచుకున్న నీళ్లు కళ్ల ముందే నదిలోకి పోయాయి.

గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు ఆధ్వర్యంలో, ప్రవాహం నడుస్తుండగానే స్టాప్‌లాగ్‌లు దించి వారం రోజుల్లో ఆ ఖాళీని మూశారు. స్టాప్‌లాగ్ అంటే గేటు పాడైనప్పుడు దాని ముందు గాడిలో ఒకదానిపై ఒకటి పేర్చే ఇనుప పలకలు. 1953లో పూర్తయిన ఆ డ్యామ్‌కి రెడీగా ఉంచిన స్టాప్‌లాగ్‌లు లేవు. అప్పటికప్పుడు తయారు చేయించాల్సి వచ్చింది.

ఇక్కడే మన టాపిక్ మొదలవుతుంది. కొత్త పలక తయారు చేయాలంటే ఏం కావాలి? గాడి వెడల్పు ఎంత, అడుగున సిల్ మట్టం ఎంత, రెండు పియర్ల మధ్య అసలు దూరం ఎంత, పైనుంచి క్రేన్‌తో దించేటప్పుడు అడ్డొచ్చే దూలాలు ఏమున్నాయి, ఒక్కో పలక ఎంత బరువు మోయాలి. ఇవన్నీ అంగుళాల లెక్కలో కావాలి. అవి డ్రాయింగ్‌లో ఉండి, ఆ డ్రాయింగ్ కూడా తర్వాత జరిగిన మార్పులతో సహా ఉంటే పని గంటల్లో మొదలవుతుంది. లేకపోతే వరద మీద నిలబడి టేపు పట్టుకోవాలి.

అంతకు మూడేళ్ల ముందు, 2021 ఆగస్టు 5 తెల్లవారుజామున పులిచింతలలో 16వ నంబర్ గేటు కొట్టుకుపోయింది. అక్కడ స్టాప్‌లాగ్‌లు ముందే ఉన్నాయి. ప్రవాహం తగ్గించుకుని రెండు మూడు రోజుల్లో వాటిని దించగలిగారు. తుంగభద్ర ఘటన జరిగిన నెల లోపే, 2024 సెప్టెంబర్ మొదట్లో విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర రికార్డు వరదలో పడవలు కొట్టుకొచ్చి గేట్ల కౌంటర్ వెయిట్లను దెబ్బతీశాయి. అక్కడా మరమ్మతుకి వెళ్లింది కన్నయ్య నాయుడే.

రెండు రాష్ట్రాల్లో ఎక్కడ గేటు పోయినా ఒకే పెద్దాయనకి ఫోన్ వెళ్తోంది అంటే అది ఆయన గొప్పతనం. అందులో సందేహం లేదు. కానీ అదే సమయంలో అది మన వ్యవస్థ బలహీనత కూడా. సమాచారం కాగితాల్లో, కంప్యూటర్లలో ఉండాల్సింది పోయి మనుషుల బుర్రల్లో ఉంది. మనిషి రిటైరైతే సమాచారం కూడా రిటైరవుతుంది.

ధవళేశ్వరం లెక్క ఎంత పెద్దదంటే..

ఇప్పుడు మన గోదావరికి వద్దాం. సర్ ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేసిన ఆనకట్ట స్థానంలో, 1970 నుంచి 1982 మధ్య ఇప్పుడున్న బ్యారేజీ కట్టారు. ధవళేశ్వరం ఆర్మ్‌లో 70, ర్యాలిలో 43, మద్దూరులో 23, విజ్జేశ్వరంలో 39.. మొత్తం 175 గేట్లు. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు కలిపి సుమారు 10 లక్షల ఎకరాలకి నీళ్లు దీని నుంచే.

1986 ఆగస్టులో ఇక్కడ 35 లక్షల క్యూసెక్కులకు పైగా వరద పోయింది. 2022 జులైలో 25 లక్షలు దాటింది. 10 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. ఈ నంబర్లు లంక గ్రామాల్లో చిన్న పిల్లాడికి కూడా నోటికి వచ్చు.

కానీ గేటు అంటే ఒక ఇనుప తలుపు మాత్రమే అనుకోకండి. ఏ బ్యారేజీ గేటైనా తీసుకోండి. పలక ఉంటుంది. నీరు కారకుండా రబ్బరు సీళ్లు ఉంటాయి. ఎత్తే హాయిస్ట్, దానికి మోటారు, గేర్‌బాక్స్, బ్రేక్, రోప్ లేదా గొలుసు, బేరింగ్‌లు, లిమిట్ స్విచ్‌లు, కంట్రోల్ ప్యానెల్, కేబుళ్లు ఉంటాయి. సగం మెకానికల్, సగం ఎలక్ట్రికల్.

ఒక్కో గేటుకి విడిగా రాసి పెట్టుకోవాల్సిన భాగాలు 50 అనుకుందాం. 175 గేట్లకి 8,750 ఎంట్రీలు. ఒక్కో భాగం 40 ఏళ్లలో రెండుసార్లు మారిందనుకుంటే ఎంట్రీలు పాతిక వేలు దాటతాయి. ఏ మార్పు ఎప్పుడు జరిగింది, ఎవరు ఒప్పుకున్నారు, ఏ కంపెనీ సరుకు, గ్యారంటీ ఎప్పటిదాకా.. ఇవన్నీ కలిస్తే ఒక పెద్ద లైబ్రరీ. దీన్ని రిజిస్టర్లతో నడపొచ్చా? ఒకప్పుడు నడిపారు. ఇప్పుడు నడపాల్సిన అవసరం లేదు.

ఆ రోజుల్లోనే బాగా రాశారు!

గమ్మత్తు ఏంటంటే, ఈ విషయంలో పాత తరం మనకంటే వెనకబడి లేదు. ఆనకట్ట పని కోసం ధవళేశ్వరంలో వర్క్‌షాప్ పెట్టి, ఇనుప సామాను తయారీ, మరమ్మతు అక్కడే చేసుకున్నారు. జార్జ్ వాల్ష్ అనే ఇంజినీరు గోదావరి డెల్టా ఇంజినీరింగ్ పనుల మీద రాసిన పుస్తకం 1896లో మద్రాసులో అచ్చయింది. ఆనకట్ట, కాలువలు, లాకులు ఎలా కట్టారు, ఎక్కడ తెగాయి, ఎలా బాగు చేశారు అన్నది వివరంగా ఉంటుంది. 130 ఏళ్ల తర్వాత కూడా ఎవరైనా తీసి చదువుకోవచ్చు. ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియంకి వెళ్తే ఆనాటి యంత్రాలు ఇప్పటికీ కనిపిస్తాయి.

అంటే కాగితం మీద రాసిన రికార్డు శతాబ్దానికి పైగా బతికింది. మరి నిన్న కాక మొన్న పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన డ్రాయింగ్ ఇంకో ఇరవై ఏళ్లకి తెరుచుకుంటుందా? సాఫ్ట్‌వేర్ వెర్షన్ మారిపోతే? ఆ ఫైలు పేరు "ఫైనల్", దాని పక్కనే "ఫైనల్ న్యూ", ఇంకోటి "ఫైనల్ లాస్ట్" అని ఉంటే, ఏది అసలు? ఆఫీసులో పనిచేసే ఎవరికైనా ఈ బాధ తెలుసు. పెళ్లి కార్డు డిజైన్‌లో ఇలా జరిగితే నవ్వుకుంటాం. బ్యారేజీ గేటు డ్రాయింగ్‌లో జరిగితే నవ్వలేం.

భూమి రికార్డులా అనుకోండి, అర్థమైపోతుంది

ఈ సబ్జెక్టులో నాలుగే నాలుగు మాటలు ముఖ్యం. మనకి తెలిసిన భాషలో చెప్పుకుందాం.

ఒకటి, పార్ట్ నంబర్. భూమికి సర్వే నంబర్ ఎలాగో పార్టుకి ఇది అలాగ. "మా చెరువు గట్టు పక్క చేను" అంటే ఊళ్లో వాళ్లకి అర్థమవుతుంది, రిజిస్ట్రార్ ఆఫీసుకి అర్థం కాదు. "ఆ పెద్ద బేరింగ్" అంటే మేస్త్రికి తెలుస్తుంది, కొత్తగా చేరిన ఇంజినీరుకి తెలియదు.

రెండు, బిల్ ఆఫ్ మెటీరియల్స్. ఒక యంత్రంలో ఏ పార్టులు ఎన్నెన్ని ఉన్నాయో చెప్పే జాబితా. పెళ్లి వంటకి సరుకుల పట్టీ లాంటిది. పట్టీలో ఒక్క ఐటమ్ తప్పినా వడ్డించేటప్పుడు బయటపడుతుంది.

మూడు, రివిజన్. పొలం చేతులు మారితే మ్యుటేషన్ చేయించుకుంటాం. చేయించకపోతే పాత పేరే కనిపిస్తూ ఉంటుంది, తగాదా మొదలవుతుంది. డ్రాయింగ్‌లో ఏ చిన్న కొలత మారినా రివిజన్ నంబర్ మారాలి. పాత కాపీలు వర్క్‌షాపు నుంచి వెనక్కి తీసుకోవాలి.

నాలుగు, యాజ్ బిల్ట్. అంటే కాగితం మీద అనుకున్నది కాకుండా, చివరికి సైట్‌లో నిజంగా బిగించింది ఏంటో చూపించే డ్రాయింగ్. రికార్డులో రెండెకరాలు, కొలిస్తే ఎకరం ఎనభై సెంట్లు ఉంటే ఏమవుతుందో మనకి తెలుసు. ఇక్కడా అంతే.

ఈ నాలుగూ ఒకదానికొకటి ముడిపడి ఉండేలా చూసే వ్యవస్థే ప్రొడక్ట్ డేటా మేనేజ్‌మెంట్. దీనివల్ల ఒక పెద్ద ఉపయోగం ఉంది. ఒక పార్టు ఫెయిలైందనుకోండి. "ఇదే బ్యాచ్ పార్టు ఇంకా ఎక్కడెక్కడ వాడాం?" అని అడిగితే నిమిషంలో జవాబు రావాలి. తుంగభద్రలో ఒక గొలుసు తెగగానే అందరికీ వచ్చిన భయం అదే కదా. మిగతా 32 గేట్ల గొలుసుల పరిస్థితి ఏంటి?

పార్ట్ నంబర్ మార్చకపోతే ప్రాణాలు పోయాయి

ఇంత చిన్న విషయానికి ఇంత రాద్ధాంతమా అనిపిస్తే, అమెరికా కార్ల కంపెనీ జనరల్ మోటార్స్ కథ వినండి. ఆ కంపెనీ కొన్ని కార్లలో ఇగ్నిషన్ స్విచ్ లూజుగా ఉండి, బండి నడుస్తుండగానే ఆగిపోయేది. ఇంజిన్‌తో పాటు ఎయిర్‌బ్యాగ్ కూడా పనిచేసేది కాదు. 2006లో ఆ స్విచ్ లోపల మార్పు చేశారు. బాగానే ఉంది. కానీ పార్ట్ నంబర్ మాత్రం పాతదే ఉంచేశారు.

ఫలితం? పాత స్విచ్, కొత్త స్విచ్ కాగితం మీద ఒక్కటే అయిపోయాయి. కొన్ని కార్లలో ప్రమాదాలు జరుగుతున్నాయి, కొన్నింట్లో జరగట్లేదు, ఎందుకో అర్థం కాలేదు. చివరికి రెండు స్విచ్‌లనీ పక్కపక్కన పెట్టి పోల్చి చూస్తేనే తేడా బయటపడింది. 2014లో సుమారు 26 లక్షల కార్లు వెనక్కి పిలిపించారు. 124 మరణాలకి కంపెనీ పరిహారం ఇచ్చింది. ఒక నంబర్ మారి ఉంటే ఏళ్ల ముందే దొరికిపోయేది.

ఇంకోటి, విమానాల కంపెనీ ఎయిర్‌బస్. ఏ380 అనే రెండంతస్తుల విమానం కడుతున్నారు. జర్మనీలోని హాంబర్గ్ టీమ్ డిజైన్ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ వాడింది, ఫ్రాన్స్‌లోని టూలూజ్ టీమ్ కొత్త వెర్షన్ వాడింది. రెండు చోట్లా డేటా సరిగ్గా కలవలేదు. హాంబర్గ్‌లో చేసిన వైరింగ్ టూలూజ్‌లో బిగిస్తే పొడవు సరిపోలేదు. ఒక్కో విమానంలో వందల కిలోమీటర్ల వైరు. ప్రాజెక్టు దాదాపు రెండేళ్లు ఆలస్యమైంది. అంత పెద్ద కంపెనీకే తప్పలేదు.

నగరం గ్రామం మర్చిపోలేని పాఠం

విదేశాల దాకా ఎందుకు? మన కోనసీమలోనే ఉంది. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరంలో గెయిల్ గ్యాస్ పైప్‌లైన్ పేలి 20 మందికి పైగా చనిపోయారు. కొబ్బరి చెట్లు నిలువునా మాడిపోయిన దృశ్యాలు ఇప్పటికీ కళ్ల ముందే ఉంటాయి.

విచారణలో తేలిన ముఖ్య విషయం ఒకటుంది. ఆ లైన్ పొడి గ్యాస్ కోసం ఉద్దేశించింది. అందులో నడిచింది మాత్రం నీరు, కండెన్సేట్ కలిసిన తడి గ్యాస్. నీటిని వేరు చేసే యూనిట్ పెట్టలేదు. పైపు లోపల తుప్పు పట్టింది.

ఇది నిర్వహణ వైఫల్యం. అలా అని ఊరుకుంటే అసలు పాయింట్ మిస్ అవుతాం. ఒక పైపు దేనికోసం డిజైన్ అయిందో చెప్పే కాగితం ఒక చోట ఉంది. ఇవాళ అందులో ఏం పారుతోందో చెప్పే లెక్క ఇంకో చోట ఉంది. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి "ఇది సరిపోదు, ఆపండి" అనే దశ ఒకటి తప్పనిసరిగా ఉండాలి. మంచి డేటా వ్యవస్థ చేసే పని అదే. డిజైన్ షరతు దాటిన మార్పు ఏదైనా సరే, ఒకరు సంతకం పెట్టి ఒప్పుకుంటే గానీ ముందుకు కదలదు. ఆ సంతకం ఉంటే బాధ్యత ఎవరిదో కూడా దొరుకుతుంది.

భీమవరం చెరువు గట్టు మీద రాత్రి 3 గంటలకి..

పెద్ద ప్రాజెక్టులు పక్కన పెడదాం. పశ్చిమ గోదావరిలో రొయ్యల చెరువు ఉన్న ఏ రైతుని అడిగినా ఏరియేటర్ విలువ చెబుతాడు. తెల్లవారే ముందు చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ టైములో ఏరియేటర్ ఆగితే, కొన్ని గంటల్లో పంట మొత్తం తేలిపోతుంది. లక్షల రూపాయల అప్పు మిగులుతుంది.

ఏరియేటర్ చూడ్డానికి సింపుల్. మోటారు, గేర్‌బాక్స్, షాఫ్ట్, చక్రాలు, ఫ్లోట్లు. మోటారు నిమిషానికి సుమారు 1,440 సార్లు తిరిగితే, గేర్‌బాక్స్ దాన్ని 14 వంతులకి తగ్గించి చక్రాన్ని వంద చుట్ల దగ్గర తిప్పుతుంది. ఇప్పుడు రెండు కంపెనీల ఏరియేటర్లు ఉన్నాయనుకోండి. రంగు ఒకటే, 2 హెచ్‌పీ అని రెండిటి మీదా ఉంది. కానీ గేర్ నిష్పత్తి వేరు, షాఫ్ట్ సైజు వేరు. అర్జెంటుగా దొరికిన గేర్‌బాక్స్ బిగిస్తే ఒకటి నెమ్మదిగా తిరిగి ఆక్సిజన్ ఇవ్వదు, ఇంకోటి మోటారు మీద లోడ్ పెంచి వైండింగ్ కాల్చేస్తుంది.

బేరింగ్ విషయం ఇంకా చిత్రం. 6205, 6305.. రెండిటికీ లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లే. షాఫ్ట్‌కి రెండూ ఎక్కుతాయి. కానీ మొదటిదాని బయటి వ్యాసం 52, వెడల్పు 15. రెండోదానిది 62, 17. హౌసింగ్‌లో పట్టదు. పోనీ 6205 అనే సరిగ్గా తెచ్చారనుకోండి, దాని చివర అక్షరాలు చూశారా? జెడ్‌జెడ్ అంటే ఇనుప మూత, టూ ఆర్‌ఎస్ అంటే రబ్బరు సీలు. ఎప్పుడూ నీళ్లు చిమ్మే చోట ఏది ఎక్కువ కాలం నిలుస్తుందో చెప్పక్కర్లేదు. ఒక్క అంకె, రెండు అక్షరాలు. పంట వాటి మీద ఆధారపడి ఉంది.

మరి ఆ సమాచారం రైతు దగ్గర ఉంటుందా? మోటారు మీద నేమ్ ప్లేట్ ఉంటుంది. రెండు సీజన్లు గడిచేసరికి ఉప్పు నీళ్లకి అక్షరాలు పోతాయి. లేదా రంగు వేసేటప్పుడు దాని మీద కూడా వేసేస్తారు.

డెల్టాలో ఈ సమాచారాన్ని జాగ్రత్తగా దాచేది ఒక్కరే, వైండింగ్ మేస్త్రి. కాలిపోయిన మోటారు విప్పేటప్పుడు ఎన్ని చుట్లు, ఏ గేజి వైరు, కాయిల్ ఏ స్లాట్ నుంచి ఏ స్లాట్‌కి వెళ్లిందో డైరీలో రాసుకుంటాడు. మళ్లీ అదే మోడల్ వస్తే పేజీ తిప్పుతాడు. నిజం చెప్పాలంటే మన దగ్గర అసలైన ప్రొడక్ట్ డేటాబేస్ ఆ నూనె మరకల డైరీలే. బ్యాకప్ లేదు, అంతే తేడా.

మన వాళ్లే ప్రపంచానికి చేసి పెడుతున్నారు

ఇందులో ఇంకో విచిత్రం ఉంది. బీవీఆర్ మోహన్ రెడ్డి కాకినాడ ఇంజినీరింగ్ కాలేజీలో మెకానికల్ చదివారు. 1991లో హైదరాబాద్‌లో ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ పెట్టారు. అప్పట్లో ఆ కంపెనీ మొదలుపెట్టిన పనుల్లో ఒకటి, కాగితం మీద ఉన్న ఇంజినీరింగ్ డ్రాయింగ్‌లని, మ్యాపులని కంప్యూటర్లోకి ఎక్కించడం. తర్వాత ప్రాట్ అండ్ విట్నీ లాంటి విమాన ఇంజిన్ల కంపెనీలకి డిజైన్ సేవలు అందించే స్థాయికి ఎదిగింది. 2014లో పేరు సైయెంట్‌గా మారింది. కాకినాడలోనూ సెంటర్ ఉంది.

అంటే అమెరికా విమాన ఇంజిన్‌కి సంబంధించిన డ్రాయింగ్ పని చేయగల కుర్రాళ్లు మన దగ్గరే తయారవుతున్నారు. ఆ నైపుణ్యాన్ని ఇంటి పక్కనే ఉన్న బ్యారేజీకి, లిఫ్ట్ స్కీముకి, రైస్ మిల్లుకి ఎందుకు వాడుకోవట్లేదు? కాలేజీల్లో డ్రాయింగ్ గీయడం నేర్పుతున్నారు. గీసినదాన్ని ముప్పై ఏళ్లు కాపాడటం ఎలాగో నేర్పించే క్లాసు ఎన్ని చోట్ల ఉంది?

పోలవరం వచ్చాక లెక్క ఇంకా పెరుగుతుంది

పోలవరం స్పిల్‌వేకి 48 రేడియల్ గేట్లు. ఒక్కోటి 16 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల ఎత్తు. ఒక్కో గేటుకి రెండు చొప్పున 96 హైడ్రాలిక్ సిలిండర్లు, జర్మనీ నుంచి వచ్చినవి. 50 లక్షల క్యూసెక్కుల వరదకి డిజైన్ చేశారు. దానికి ముందు 2015లోనే పట్టిసీమ ఎత్తిపోతల వచ్చింది. 24 పంపులు, మొత్తం 8,500 క్యూసెక్కుల సామర్థ్యం.

ఇవన్నీ ఇవాళ కొత్తవి. కట్టినవాళ్లు ఫోన్‌లో దొరుకుతారు. 2050లో? సిలిండర్ సీలు మార్చాల్సి వచ్చినప్పుడు ఆ జర్మన్ కంపెనీ అదే పేరుతో ఉంటుందా, ఆ మోడల్ ఇంకా తయారు చేస్తుందా, దాని డ్రాయింగ్ మన చేతిలో ఉందా? ఈ ప్రశ్నలకి జవాబు ఇప్పుడే రాసి పెట్టుకోవాలి. పని అయిపోయి, ఫైనల్ బిల్లు పాసై, కాంట్రాక్టర్ క్యాంపు ఎత్తేశాక అడిగితే ఎవరూ ఇవ్వరు.

చట్టం ఏం చెబుతోంది?

2021 డ్యామ్ సేఫ్టీ చట్టం ఆ ఏడాది డిసెంబర్ 30 నుంచి అమల్లోకి వచ్చింది. దాని పరిధిలోకి వచ్చే ప్రతి డ్యామ్‌కి వానాకాలం ముందు, తర్వాత తనిఖీ చేయాలి. లాగ్‌బుక్ లేదా డేటాబేస్ నిర్వహించాలి. అత్యవసర కార్యాచరణ ప్రణాళిక ఉండాలి. 15 మీటర్ల ఎత్తు దాటిన వాటికి, కొన్ని షరతులతో 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉన్నవాటికి ఇది వర్తిస్తుంది. కేంద్ర జల సంఘం ధర్మ అనే ఆన్‌లైన్ వేదికని కూడా తెచ్చింది. డ్యామ్‌ల సమాచారం, తనిఖీ వివరాలు అందులో ఎక్కించాలి.

ఎత్తు తక్కువ ఉన్న బ్యారేజీలు, లాకులు, లిఫ్ట్ పంపుల విషయంలో ఈ చట్టం వర్తిస్తుందా లేదా అని వాదించుకోవడం కంటే, అదే పద్ధతి వాటికీ పెట్టుకోవడం మేలు. వరద ఎత్తు చూసి రాదు.

సాఫ్ట్‌వేర్ కొంటే అయిపోతుందా?

కాదు. ఇక్కడ చాలా కంపెనీలు దెబ్బ తింటాయి. లక్షలు పోసి ప్యాకేజీ కొంటారు, పాత చెత్తంతా అందులోకి ఎక్కిస్తారు. ఒకే బోల్టు నాలుగు పేర్లతో నాలుగు నంబర్ల కింద ఉంటుంది. స్టోర్స్‌లో స్టాక్ ఉన్నా లేదనుకుని మళ్లీ కొంటారు. ఆరు నెలలకి అందరూ మళ్లీ వాట్సాప్‌లో ఫొటో పంపి "ఇదే కావాలి" అనుకునే పద్ధతికి వచ్చేస్తారు.

చిన్న వర్క్‌షాపులకి ఇంకో న్యాయమైన భయం ఉంది. డ్రాయింగ్‌లు అందరికీ అందుబాటులో పెడితే పక్కవాడు కాపీ కొడతాడు కదా అని. అందుకే ఎవరు చూడొచ్చు, ఎవరు మార్చొచ్చు అనేది ముందే తేల్చుకోవాలి. కొనుగోలుదారుకి విడిభాగాల జాబితా, సైజులు ఇస్తే చాలు. తయారీ కిటుకులు కంపెనీ దగ్గరే ఉంచుకోవచ్చు.

డబ్బు పెద్దగా ఖర్చు లేకుండా మొదలుపెట్టగలిగినవి కొన్ని ఉన్నాయి.

- ప్రతి పార్టుకి ఒకే నంబర్. పాతదాని చోట కొత్తది, కొత్తదాని చోట పాతది పట్టకపోతే కొత్త నంబర్ ఇవ్వాల్సిందే. మొహమాటం వద్దు.
- ప్రతి డ్రాయింగ్ మీద రివిజన్, తేదీ, ఒప్పుకున్నవారి సంతకం. ఈ మూడూ లేని కాగితం వర్క్‌షాపులోకి రాకూడదు.
- ప్రతి గేటుకి, పంపుకి, ట్రాన్స్‌ఫార్మర్‌కి చెరిగిపోని ట్యాగ్. దాని మీద క్యూఆర్ కోడ్. ఫోన్‌తో స్కాన్ చేస్తే ఆ యంత్రం చరిత్ర కనిపించాలి.
- ఫైనల్ బిల్లులో కొంత భాగం యాజ్ బిల్ట్ డ్రాయింగ్‌లు, విడిభాగాల జాబితా చేతికి వచ్చేదాకా ఆపేలా టెండర్‌లోనే షరతు.
- ముఖ్యమైన డ్రాయింగ్‌లకి కంప్యూటర్ ఫైలుతో పాటు ఒక ప్రింటు, వేరే ఊళ్లో ఇంకో కాపీ. వరద వచ్చే చోట ఒకే బీరువాలో అన్నీ పెట్టడం అంత తెలివైన పని కాదు.
- రిటైర్ కాబోయే ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు, గేటు ఆపరేటర్ల దగ్గర కూర్చుని వాళ్లకి తెలిసింది వీడియోలో రికార్డు చేయడం. ఏ గేటు ఏ శబ్దం చేస్తే ఏం పాడైనట్టో డ్రాయింగ్‌లో ఉండదు.

రొయ్యల రైతులకి కూడా ఒక చిన్న మాట. ఇవాళే చెరువు గట్టుకి వెళ్లి ప్రతి మోటారు నేమ్ ప్లేట్ ఫొటో తీసుకోండి. గేర్‌బాక్స్ మీద నంబర్ ఉంటే అదీ తీయండి. ఈసారి బేరింగ్ మార్చినప్పుడు పాతదాని మీదున్న నంబర్ చివరి అక్షరాలతో సహా రాసుకోండి. రాత్రి 3 గంటలకి షాపు వాడికి ఫోన్ చేసినప్పుడు ఆ ఫొటో చాలా పని చేస్తుంది.

ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న

గేటు కొట్టుకుపోయిన ప్రతిసారీ మనం అడిగేది "ఎవరి తప్పు?" అని. చర్చా కార్యక్రమాలు దాని మీదే నడుస్తాయి. రెండు వారాల్లో ఆ వేడి చల్లారుతుంది. దాంతో పాటు ఇంకో ప్రశ్న కూడా అడగాలి. ధవళేశ్వరం 175 గేట్లలో ఏదో ఒక నంబర్ చెప్పి, "దీని చివరి మార్పుల డ్రాయింగ్, విడిభాగాల జాబితా, మరమ్మతుల చరిత్ర చూపించండి" అంటే ఎంతసేపట్లో చూపించగలరు? పది నిమిషాల్లోనా, పది రోజుల్లోనా?

పది నిమిషాలే అయితే అదే మనకి ధైర్యం, ఆ సంగతి జనానికి చెప్పాలి. పది రోజులైతే మాత్రం మరమ్మతు బడ్జెట్‌తో పాటు రికార్డుల బడ్జెట్ కూడా అడగాల్సిందే. 2027లో గోదావరి పుష్కరాలు. ఘాట్లకి రంగులు పడతాయి, రోడ్లు బాగవుతాయి, లక్షల మంది వస్తారు. ఆ హడావుడిలో గేట్ల రికార్డులు సరిచేసే పని కూడా ఒక ఫైలుగా కదిలితే, దాని ఫలితం పుష్కరాలు అయిపోయాక కూడా డెల్టాకి మిగులుతుంది.